బుడ్డల వాన

ఇరవై రెండేండ్లు
కంది కట్టె విరిచి ఎముకలు విరగ్గొట్టినాను.
దోసకాయలో కత్తి దించి
మా సీమ మనుషుల్ని తెర మీద పొడిచినాను.
తడి గోనెపట్ట నేలకేసి కొడితే
శవం పడిన చప్పుడు.
ఆ శవం పేరేందో, యా ఊరిదో
నాకెవరూ చెప్పలేదు.
"ఇంకొంచెం బరువుగా పడాల ఓబులేసూ"
అనేవాడు అద్దం అవతల ఇంజినీరు.
గోనెలో ఇంకో దోసెడు ఇసుక పోసేవాణ్ని.

మిగిలిన దోసకాయలు ఇంటికి తీసకపొయ్యేవాణ్ని.
పప్పులోకి బాగుండేవి.
అవి అప్పటికే ఒకసారి చచ్చినవని
ఇంట్లో చెప్పలేదు.

ఈసారి సీరియల్‌కి వాన కావాలన్నారు.
హార్డ్ డిస్కులో దొరికే వానలు నాకు తెలుసు.
యాడో పచ్చిక మీద పడే వాన,
మనిషి లేని అడివిలో వాన.
దాంట్లో మన రేకు మోగదు.
మైకూ, చెవుల డిప్పలూ సంచిలో వేసుకోని
కళ్యాణదుర్గం బస్సెక్కినాను.
వాన కోసం అనంతపురం జిల్లాకి టికెట్టు కొన్నోణ్ని
నేనొక్కణ్నే అయ్యుండాల.

విత్తనానికి కాయ కొట్టించే రోజులు.
బుడ్డల మిషన్ కాడ రేకుల షెడ్డు.
కరెంటు పోయి మిషన్ ఆగింది.
అది ఆగినంక కొండ మీది గాలిమరలు వినపడినాయి,
నిద్రలో ముసలాయన మూలిగినట్లు.
అవీ ఆగుతాయేమోనని కాసుకున్నా.
ఆగలా.
వాటికి వీపు పెట్టి మైకు నిలబెట్టినా.

కూలికొచ్చిన ఆడోళ్ళల్లో సుంకులమ్మ.
"ఒక గంప బుడ్డలు రేకు మీద పొయ్యమ్మా" అంటే పోసింది.
డిప్పల్లో విని నేను తలూపినా.
ఆమె ఊపలా.

"ఇది వాన గాదు. లారీ దించినట్లుండాది.
వాన ఒక్కపారే వస్తాదా నాయనా?
ముందు అడుగుతాది."

చేట తెమ్మంది.
ముందు ఇసుక. గుప్పెడు గూడ లేదు,
వేళ్ళ సందుల్లోంచి రాలేంత.
తర్వాత ఒక బుడ్డ.
ఆగింది.
ఎంతసేపాగిందంటే
మరిచిపోయిందేమోనని చెయ్యెత్తబోయినా.
ఇంకో బుడ్డ. దూరంగా, రేకు చివర.
"ఇప్పుడు మనిషి తలెత్తి చూస్తాడు.
చూడనీ."
మూడు. నాలుగు. పొట్టు. తాలు కాయలు.
లోపల ఏమీ లేని కాయ
రేకు మీద తేలిగ్గా, తొందరగా మోగుతాది.
నిరుటి పంటలో తాలుకు కొదవ లేదు.
అప్పుడు తల తిప్పి
"ఎత్తండే" అనింది.
ఎనిమిది చేటలు.

నా మీటరు ఎర్రగీత దాటి కొట్టుకుంటాంది.
తగ్గించలా.

చేతులు నొప్పి పుట్టేదాకా కురిసినంక అడిగినా,
"తగ్గేది యట్లా?"
"తగ్గేది నాకు తెల్దు.
మాకాడ వాన తగ్గదు, నిల్చిపోతాది" అని
చేట బోర్లించింది.

నవంబరులో, రాత్రి ఎనిమిదిన్నరకు
ఆ వాన పడింది.
ఎవరో పిల్ల మేడ మీద ఏడుస్తా తడిసింది,
నాలుగు నిమిషాలు,
మధ్యలో సబ్బు ప్రకటన.

తెల్లారి ఫోను.
"నేను, సుంకులమ్మను.
మా అత్తకు కండ్లు ఆనవు, చెవులు పాము చెవులు.
టీవీలో చినుకు పడీ పడకనే
బయటికి ఉరికింది.
కల్లంలో ఆరబోసిన బుడ్డల మీద పట్ట లాగింది,
మూడు మూలలకు రాళ్ళు పెట్టింది,
వానొస్తాంటే నాటకం చూస్తాండావా అని
నన్ను తిట్టింది.
పైన సూస్తే సుక్కలు."

"అది నువ్వు పోసిన వానేనని చెప్పలేదా?"

"చెప్పలా."
ఫోన్లో కాసేపు గాలి.

"నాలుగో మూలకు
రాయి నేనే పెట్టినా."